పట్టా, ప్రమాణం, సాక్ష్యం: వైద్య స్నాతకోత్సవాల చరిత్ర

ఖమ్మం నుంచి సత్తుపల్లి వెళ్ళే దారిలో వైరా ఒక చిన్న పట్నం. నిజాం కాలంలో వైరా నదికి అడ్డంగా కట్టిన జలాశయం ఈ చుట్టుపక్కల భూములకు నీరిచ్చింది. ఇక్కడి నుంచి తల్లాడ దాటి తూర్పుగా సాగితే కొత్తగూడెం, ఆపైన భద్రాచలం అడవులు వస్తాయి. మాగాణి పల్లెల నుంచీ అడవి అంచు గూడేల నుంచీ జబ్బు పడినవారు ఇలాంటి పట్నాలకే వస్తారు. డాక్టరు గదిలో గోడకు, అద్దం బిగించిన చట్రంలో, ఒక కాగితం వేలాడుతూ ఉంటుంది. దాని మీద ఇంగ్లీషు అక్షరాలు, ఒక విశ్వవిద్యాలయం ముద్ర, ఒకరిద్దరి సంతకాలు ఉంటాయి. బల్ల మీద కూర్చున్న రోగి దానిని చదవలేడు. అయినా చెయ్యి చాచి నాడి చూపిస్తాడు. కన్నవారికి సైతం చెప్పని మాట ఆ గదిలో చెబుతాడు.

ముఖపరిచయం లేని మనిషి చేతిలో ప్రాణం పెట్టడం సామాన్యమైన విషయం కాదు. అలా పెట్టాలంటే, ఆ మనిషిని ఎరిగినవారు ఎవరో ముందుగా సాక్ష్యం పలికి ఉండాలి. గోడ మీది కాగితం ఆ సాక్ష్యానికి గుర్తు. ఆ సాక్ష్యం పదిమంది ఎదుట పలికే సభ పేరే స్నాతకోత్సవం. నల్లగౌన్లు, టోపీలు, ఫోటోలు దాని పైపై అలంకారాలు. దాని లోపలి అర్థం ఏమిటో, అది ఏయే దేశాలు తిరిగి మన ఊళ్ళకు చేరిందో, చేరే దారిలో ఏమి జారవిడుచుకున్నదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మాటలు చెప్పే చరిత్ర

ముందుగా మాటలను చూద్దాం. గురుకులంలో చదువు ముగించిన శిష్యుడు స్నానం చేసి ఇంటికి మరలేవాడు. అతడు స్నాతకుడు, ఆ వేడుక స్నాతకోత్సవం. నేడు తెలుగులో 'డాక్టరు పట్టా పుచ్చుకున్నాడు' అంటాము. భూమి మీద హక్కును తెలిపే కాగితం కూడా పట్టాయే. పోడు చేసుకున్న చెలకకు పట్టా రావాలని ఏళ్ళ తరబడి ఎదురు చూసిన జిల్లాలో ఆ మాట బరువు ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. పట్టా ఉన్నవాడికి హక్కు ఉంటుంది; హక్కుతోపాటు శిస్తు కట్టవలసిన బాధ్యత కూడా ఉంటుంది.

ఉర్దూలో పట్టాను 'సనద్' అంటారు. దాని బహువచనం 'అస్నాద్'. అందుకే స్నాతకోత్సవానికి ఉర్దూలో 'జల్సయె తఖ్సీమె అస్నాద్' అని పేరు. పూర్వం ఇనాం భూములకు ఇచ్చిన సన్నదు కూడా ఈ మాటే. తెలుగులో ఎప్పుడో కలిసిపోయింది. అరబీలో సనద్ అంటే ఆనుకునే ఆధారం. హదీసు శాస్త్రంలో ఒక మాట ఎవరి నుంచి ఎవరికి చేరిందో తెలిపే వ్యక్తుల వరుసకు అదే పేరు. ఆ వరుసలో ఒక్కరు నమ్మదగనివారైనా ఆ పలుకు బలం తగ్గిపోతుంది. చదువుకు సంబంధించిన పత్రానికి ఇదే పేరు నిలవడంలో ఒక భావం ఉంది. 'ఇతడు నా దగ్గర నేర్చుకున్నాడు, నేను ఫలానావారి దగ్గర నేర్చుకున్నాను' అన్న గురువు మాటే శిష్యుడికి ఆధారం.

ఇలా గురువు ఇచ్చే అనుమతికి 'ఇజాజత్' అని పేరు. పూర్వపు ఇజాజత్ సంస్థ ఇచ్చేది కాదు. వ్యక్తి వ్యక్తికి ఇచ్చేది. ఏ గ్రంథం చదివించాడో ఆ గ్రంథం మేరకే అనుమతి. నేటికీ మదర్సాలలో చదువు ముగించిన విద్యార్థి తలకు పెద్దల చేతుల మీదుగా తలపాగా చుట్టే 'దస్తార్‌బందీ' జరుగుతుంది. హైదరాబాదులోని జామియా నిజామియాలోనూ, ఉత్తరాన 1866లో నెలకొన్న దేవ్‌బంద్‌లోనూ చదివినవారికి ఆ సభ చిరపరిచితం. చుట్టే బట్ట కొద్దిపాటిదే. చుట్టిన చేతులు ఎవరివన్నదే ముఖ్యం.

బాగ్దాదులో జరిగిన పరీక్ష

వైద్యుడికి పరీక్ష ఎందుకు? ఈ ప్రశ్న బాగ్దాదు నగరం ముందుకు హిజ్రీ 319లో, అంటే క్రీ.శ. 931లో, ఒక మరణం రూపంలో వచ్చింది. ఒక వైద్యుడి పొరపాటు వల్ల ఒక సామాన్యుడు చనిపోయాడన్న వార్త ఖలీఫా అల్ ముఖ్తదిర్‌కు చేరింది. సినాన్ ఇబ్న్ సాబిత్ పరీక్షించి అనుమతి ఇస్తేనే తప్ప ఎవ్వరూ వైద్యం చేయరాదని ఖలీఫా ఆజ్ఞాపించాడు. సినాన్ స్వయంగా గొప్ప వైద్యుడు. గ్రీకు గణిత గ్రంథాలను అరబీలోకి తెచ్చిన సాబిత్ ఇబ్న్ ఖుర్రా ఆయన తండ్రి. పేరుపొందినవారినీ రాజాస్థాన వైద్యులనూ మినహాయించగా, పరీక్షకు వచ్చినవారి సంఖ్య 860 దాటిందని చరిత్రకారులు రాశారు. ఎవరికి ఎంత తెలుసో అంత మేరకే అనుమతి లభించింది.

ఈ సందర్భంలో ఇబ్నుల్ ఖిఫ్తీ మొదలైనవారు చెప్పిన ఒక ముచ్చట ఉంది. మంచి దుస్తులు ధరించిన ఒక ముసలాయన సినాన్ వద్దకు వచ్చాడు. ఆ గాంభీర్యం చూసి సినాన్ ఆయనను గౌరవంగా కూర్చోబెట్టి, గుర్తుంచుకోదగిన మాట ఏదైనా సెలవివ్వమనీ, గురువు ఎవరో చెప్పమనీ అడిగాడు. ముసలాయన దీనారాలు తీసి ముందు పెట్టి, తనకు చదవను రాయను సరిగా రాదనీ, పెద్ద కుటుంబం ఈ వృత్తి మీదే బతుకుతున్నదనీ, దానిని తెంచవద్దనీ వేడుకున్నాడు. సినాన్ నవ్వాడు. తెలియని జబ్బు జోలికి పోరాదు, తేలికపాటి బాధలకు తప్ప నెత్తురు తీయించడం, విరేచనాలు చేయించడం చెప్పరాదు అన్న షరతు మీద ఆయనను సాగనంపాడు. తాను జీవితంలో సికంజబీన్, జులాబ్ అనే పానకాలను దాటి ఎన్నడూ పోలేదని ముసలాయన చెప్పాడు. మర్నాడు ఒక చక్కని యువకుడు వచ్చాడు. గురువెవరని అడిగితే తన తండ్రి అన్నాడు. తండ్రి ఎవరంటే, నిన్నటి ముసలాయనే! సినాన్ అతడికీ అదే షరతు పెట్టి పంపాడు.

ఈ ముచ్చటలో నవ్వు ఉంది, బాధ కూడా ఉంది. సనద్ అన్నది గురువు నుంచి వచ్చే వరుస అయితే, ఆ యువకుడి వరుస తండ్రితో మొదలై అక్కడే ముగిసింది. తెలియనిచోట ఆగిపోవడమే అతడికి దొరికిన అనుమతి.

ఆ ఆజ్ఞకు ముందే ధర్మశాస్త్రంలో దీనికి పునాది ఉంది. వైద్యం తెలిసినవాడిగా పేరు లేకుండా వైద్యానికి పూనుకున్నవాడు జరిగిన నష్టానికి జవాబుదారీ అవుతాడన్న భావం గల హదీసును అబూ దావూద్, నసాయీ, ఇబ్న్ మాజా తమ సంకలనాలలో చేర్చారు. మన దేశపు సుప్రీంకోర్టు 1996లో పూనమ్ వర్మ కేసులో, హోమియోపతి చదివిన వ్యక్తి అల్లోపతి మందులు ఇచ్చి రోగి మరణించినప్పుడు, తాను చదవని పద్ధతిలో వైద్యం చేయడమే నిర్లక్ష్యమని తీర్పు చెప్పింది. పదమూడు శతాబ్దాల ఎడంగా ఉన్నా, రెండింటి సారం ఒక్కటే.

ప్రమాణం నిలుపుకొన్న అనువాదకుడు

పరీక్ష జ్ఞానాన్ని కొలుస్తుంది, మనసును కొలవలేదు. అందుకే పరీక్షకు ప్రమాణం తోడైంది. గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీస్ పేరిట నిలిచిన ప్రమాణం అరబీ ప్రపంచానికి అనువాదకుల ద్వారా వచ్చింది. ఆ పనిలో అగ్రగణ్యుడు హునైన్ ఇబ్న్ ఇస్‌హాఖ్. హీరా పట్టణంలో పుట్టిన ఈ క్రైస్తవ పండితుడు తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో ఉండి గ్రీకు వైద్య గ్రంథాలను సిరియాక్, అరబీ భాషలలోకి తెచ్చాడు. గ్రీకు మూలంలో అపోలో వంటి దేవతల పేరిట ప్రమాణం ఉంది. అరబీ రూపంలో జీవన్మరణాలకు ప్రభువైన అల్లాహ్ పేరు మొదట వచ్చింది. ఆస్క్లెపియస్ పేరును మాత్రం తీసివేయక అలాగే ఉంచారు. ఎవరి ఎదుట మాట ఇస్తున్నామన్నది మారింది. ఇచ్చే మాట మారలేదు. హాని చేయను, విషం ఇవ్వను, ఇంట అడుగుపెట్టినప్పుడు చూపు అదుపులో ఉంచుకుంటాను, రహస్యం దాస్తాను అన్నవి అలాగే నిలిచాయి.

ఆ ప్రమాణం హునైన్ జీవితంలోనే పరీక్షకు నిలిచింది. ఖలీఫా అల్ ముతవక్కిల్ (క్రీ.శ. 847–861) ఆయన నిజాయితీని పరీక్షించదలచి, ఒక శత్రువును చంపడానికి రహస్యంగా విషం తయారు చేయమన్నాడు. మేలు చేసే మందులే తాను నేర్చుకున్నానని హునైన్ నిరాకరించాడు. ఏడాదిపాటు చెరసాలలో ఉంచినా లొంగలేదు. కత్తి చూపించి అడిగినప్పుడు, తనను ఆపుతున్నవి రెండన్నాడట: ఒకటి శత్రువుకు సైతం మేలు చేయమనే తన మతం, రెండోది మానవుల హితం కోసమే ఏర్పడిన, ప్రాణం తీసే మందు ఇవ్వరాదని ప్రమాణం చేయించిన తన వృత్తి. ఖలీఫా ఆయనను విడిచిపెట్టి సత్కరించాడు. పరుల భాషలోని ప్రమాణాన్ని తన భాషలో అర్థం చేసుకున్నవాడు దానికి కట్టుబడి ఎలా నిలబడతాడో చెప్పడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

తరువాతి కాలంలో ఈ ప్రమాణం బజారు వ్యవస్థలో భాగమైంది. తూనికలు కొలతలు తనిఖీ చేసే 'ముహ్‌తసిబ్' అనే అధికారి వైద్యులను కూడా తనిఖీ చేసేవాడు. పన్నెండో శతాబ్దంలో షైజరీ రాసిన ముహ్‌తసిబ్ విధుల గ్రంథం ప్రకారం, వైద్యుల చేత హిప్పోక్రటీస్ ప్రమాణం చేయించాలి. హునైన్ గ్రంథాల ఆధారంగా వారిని పరీక్షించాలి. కంటి వైద్యుడిని హునైన్ కంటి గ్రంథంలోనే ప్రశ్నించాలి. ఇంకొక మంచి నియమం కూడా ఉంది. వైద్యుడు రోగిని చూసినప్పుడు మందు చీటీ రాసి, దాని నకలు సాక్షుల ఎదుట ఇంటివారికి ఇవ్వాలి. రోగి కోలుకుంటే మంచిదే. మరణిస్తే ఇంటివారు ఆ చీటీలు ప్రధాన వైద్యుడికి చూపిస్తారు. లోపం వైద్యుడిదే అని తేలితే పరిహారం అతడి నుంచి రాబట్టుకోవచ్చు. అంటే సనద్ పుచ్చుకున్న రోజుతో సాక్ష్యం ముగియదు. ప్రతి మందు చీటీ ఒక సాక్ష్యమే.

పడమటి దారి, నల్లగౌను సంగతి

సిసిలీ రాజు రెండవ రోజర్ 1140లో, ఆయన మనుమడు రెండవ ఫ్రెడరిక్ 1231 తర్వాత చేసిన శాసనాలలో, పరీక్ష లేకుండా వైద్యం చేయరాదని నిర్ణయించారు. ఫ్రెడరిక్ చట్టం ప్రకారం మూడేళ్ళు తర్కం, ఐదేళ్ళు వైద్యం చదివి, సలెర్నో ఆచార్యుల పరీక్షలో నెగ్గి, ఆపైన ఒక ఏడాది అనుభవజ్ఞుడైన వైద్యుడి వద్ద పని నేర్చుకోవాలి. మన కళాశాలల్లో నేడు ఉన్న ఏడాది హౌస్ సర్జన్ పద్ధతికి ఇది దూరపు చుట్టం. సలెర్నో చదువుకు బలం చేకూర్చినవి పదకొండో శతాబ్దంలో కాన్‌స్టంటైన్ అనే ఉత్తర ఆఫ్రికా వాసి అరబీ నుంచి లాటిన్‌లోకి తెచ్చిన వైద్య గ్రంథాలు. ఇక్కడా వంతెన కట్టినవాడు అనువాదకుడే.

ఐరోపా విశ్వవిద్యాలయాల బోధనానుమతికి ఇజాజతే మూలమని చరిత్రకారుడు జార్జ్ మక్దిసీ 1981లో వెలువరించిన గ్రంథంలో వాదించాడు. అందరు చరిత్రకారులూ దీనిని అంగీకరించలేదు. పట్టభద్రుల నల్లగౌను అరబ్బు జుబ్బా నుంచి వచ్చిందనీ, చతురస్రపు టోపీ తల మీద ఖుర్ఆన్ గ్రంథానికి గుర్తనీ చెప్పుకునే మాటలకు మాత్రం గట్టి ఆధారం లేదు. ఆ గౌను మధ్యయుగపు క్రైస్తవ మఠాల, పండితుల దుస్తుల నుంచి ఎదిగింది. మన పూర్వుల గొప్పతనం చెప్పుకోవడానికి నిజాలే చాలినన్ని ఉన్నప్పుడు, లేనిది కల్పించుకోవడం సనద్ తెలిసినవారికి తగదు.

ప్రమాణం విషయంలో ఒక ముఖ్యమైన మార్పు జరిగింది. హిప్పోక్రటీస్ ప్రమాణం మొదట్లో చదువు ముగిసినప్పుడు చేసేది కాదు; శిష్యుడు గురువు ఇంట చేరేటప్పుడు చేసేది. మన దేశపు చరక సంహితలోని ప్రమాణం కూడా అంతే. విమానస్థానంలో, శిష్యుడికి ఉపనయనం చేసే సమయంలో, అగ్ని సాక్షిగా గురువు చేసే ఉపదేశం అది. ఐరోపాలో క్రమంగా ప్రమాణం పట్టా ఇచ్చే రోజుకు జరిగింది. ఫ్రాన్సులోని మాంపెలియేలో 1804 నాటికి పట్టభద్రులు హిప్పోక్రటీస్ ప్రమాణం చేసే ఆచారం ఏర్పడింది.

హైదరాబాదు కథ

ఇక మన నేలకు వద్దాం. ముహమ్మద్ ఖులీ ఖుతుబ్ షా 1595 ప్రాంతంలో హైదరాబాదులో కట్టించిన దారుష్షిఫా వైద్యాలయమూ, యునానీ చదువుకు చోటూ అయింది. ఆధునిక వైద్యవిద్య మాత్రం 1846లో మొదలైంది. నాలుగో నిజాం నాసిరుద్దౌలా జబ్బు పడినప్పుడు బ్రిటిష్ రెసిడెన్సీ వైద్యుడు మందుల కంటె ఆహార నియమంతోనే కుదుటపరిచాడనీ, ఆ సంతోషంతో నిజాం వైద్య పాఠశాల పెట్టడానికి సమ్మతించాడనీ చెబుతారు. డాక్టర్ మెక్లీన్ ఆధ్వర్యంలో నడిచిన ఆ పాఠశాలలో బోధన ఉర్దూలో సాగింది.

ఆ నిర్ణయం విలువ తెలియాలంటే కలకత్తా వైపు చూడాలి. అక్కడ 1822లో ఏర్పడిన దేశీయ వైద్య విద్యాలయం దేశభాషలలో బోధించేది. 1835లో దానిని మూసివేసి, ఇంగ్లీషులో బోధించే వైద్య కళాశాలను తెరిచారు. పదకొండేళ్ళ తరువాత హైదరాబాదు మరొక దారి పట్టింది. ఆ పాఠశాలలో నెగ్గినవారికి లభించిన బిరుదు 'హకీం'. కొత్త వైద్యం నేర్చినవారికి పాత పేరే ఇచ్చారు. అందువల్ల ప్రజలకు ఆ వైద్యుడు పరాయివాడు కాలేదు. అక్కడ చదివి ఆసఫ్‌జాహీ దర్బారులో శస్త్రవైద్యుడైన అబ్దుల్ హుసేన్‌కు 'అరస్తూ యార్ జంగ్' అనే బిరుదు వచ్చింది. అరస్తూ అంటే గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్. గ్రీకు, అరబీ, దక్కనీ వారసత్వాలు మూడూ ఆ ఒక్క బిరుదులో కలిసి ఉన్నాయి.

1880ల దశకం మధ్యలో బోధన ఇంగ్లీషులోకి మారింది. 1885లో ఎడ్వర్డ్ లారీ ప్రధానాధికారి అయ్యాడు. క్లోరోఫారం మత్తుమందు మీద 1888, 1889 సంవత్సరాలలో హైదరాబాదులో జరిగిన రెండు పరిశోధక సంఘాలు ఆ పాఠశాల పేరును లండన్ వరకు తీసుకుపోయాయి. లారీ కాలంలోనే 1885లో ఆడపిల్లలు చేరారు. వారిలో ఒకరైన రూపాబాయి ఫర్దూన్‌జీ 1889లో హకీం పట్టా పుచ్చుకుని, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో రోగులకు మత్తు ఇచ్చే బాధ్యత వహించారు. మత్తుమందు ఇచ్చే వైద్యంలో ప్రపంచంలోనే తొలి మహిళలలో ఒకరిగా ఆమెను నేడు లెక్కిస్తున్నారు. పర్దా పాటించే నగరంలో ఆడవారికి ఆడ వైద్యురాలు దొరకడం ఎంత మేలో ఊహించుకోవచ్చు.

తరువాత 1917లో ఉస్మానియా విశ్వవిద్యాలయ స్థాపనకు ఫర్మానా వెలువడింది. మరుసటి ఏడు అది రూపు దాల్చింది. దేశభాషలో ఉన్నత విద్య చెప్పాలన్నది దాని ఆశయం. పుస్తకాలు లేనిదే పాఠాలు లేవు గనుక 1917లోనే 'దారుత్తర్జుమా' అనే అనువాద శాఖ ఏర్పడింది. గణితం, న్యాయం, విజ్ఞానశాస్త్రాలతోపాటు వైద్య గ్రంథాలు కూడా ఉర్దూలోకి వచ్చాయి. పాఠశాల ఉస్మానియా వైద్య కళాశాలగా ఎదిగి, 1920ల దశకం నుంచి ఎం.బి.బి.ఎస్. చదువు ఉర్దూలో సాగింది. హునైన్ బాగ్దాదులో చేసిన పని వంటిదే, చిన్న ప్రమాణంలో, మూసీ ఒడ్డున జరిగింది. యునానీ వైద్యానికి చార్మినారు పక్కన నిజామియా తిబ్బీ కళాశాల 1938లో ఏర్పడింది.

అయితే ఒక సంగతి దాచరాదు. ఆ సంస్థానంలో ఎక్కువమంది ఇంటి భాష తెలుగు. వరంగల్లు సుబాలోని ఖమ్మం, మధిర, పాల్వంచ రైతుకు ఉర్దూ కచేరీ భాషే తప్ప కన్నీటి భాష కాదు. గోండులకు, కోయలకు అది ఇంకా దూరం. దేశభాషలో వైద్యవిద్య అన్న ఆశయం గొప్పది. 'దేశభాష ఎవరిది' అన్న ప్రశ్నకు ఆ ఆశయం పూర్తి జవాబు చెప్పలేదు. 1948 సెప్టెంబరు తర్వాత బోధన ఇంగ్లీషులోకి మారింది. అనువాదకుల ముప్పయ్యేళ్ళ కష్టం అలమరలలోకి పోయింది. తెలుగువాడికి ఉర్దూ పోయి తెలుగు రాలేదు. ఉర్దూవాడికి ఉన్నదీ పోయింది.

పట్టా మీద మారిన పేర్లు

ఆ తరువాత కళాశాలలు పెరిగాయి. వరంగల్లులో కాకతీయ వైద్య కళాశాల 1959లో, హైదరాబాదులో దక్కన్ వైద్య విజ్ఞాన కళాశాల 1984లో, ఖమ్మంలో మమత వైద్య కళాశాల 1998లో వచ్చాయి. కొత్తగూడెంలో 2022లో, ఖమ్మంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరుచుకున్నాయి. ఒకప్పుడు వైరా వైపు విద్యార్థి వైద్యం చదవాలంటే హైదరాబాదుకో వరంగల్లుకో పోవాలి. నేడు బస్సులో గంట ప్రయాణం లోపలే కళాశాల ఉంది.

పట్టా ఇచ్చే సంస్థ కూడా మారుతూ వచ్చింది. మొదట ఉస్మానియా, ఆపైన 1976లో ఏర్పడిన కాకతీయ, 1986 నుంచి విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం, 2014 తర్వాత వరంగల్లులోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం. ఒకే ఊళ్ళో పనిచేసే మూడు తరాల డాక్టర్ల గోడల మీద మూడు ముద్రలు కనిపించవచ్చు. సాక్ష్యం చెప్పే సంస్థ పెద్దదై, దూరమై, ముఖం లేనిదైపోయింది. పాఠం చెప్పిన గురువు పేరు పట్టా మీద ఉండదు. ఇజాజత్ వ్యక్తి చేతి నుంచి సంస్థ చేతికి పోవడమంటే ఇదే.

దుస్తుల మీద కొంత చర్చ జరిగింది. 2019లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం స్నాతకోత్సవాలలో చేనేత దుస్తులు వాడమని కోరింది. ఇంకొక కొత్త వేడుక కూడా వచ్చింది. 1993లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో మొదలైన తెల్లకోటు వేడుక, 2019 కొత్త పాఠ్యప్రణాళిక తర్వాత మన కళాశాలల్లో బాగా వ్యాపించింది. చేరిన కొత్తలోనే విద్యార్థికి తెల్లకోటు తొడిగి ప్రమాణం చేయిస్తారు. శరీర నిర్మాణ శాస్త్రం గదిలో, దానంగా వచ్చిన భౌతికకాయం ఎదుట గౌరవ ప్రమాణం చేయించే పద్ధతీ ఉంది. చదువు చివరకు జరిగిన ప్రమాణం మళ్ళీ మొదటికి వచ్చిందన్నమాట. పూర్వులది అదే పద్ధతి.

ఏ ప్రమాణం, ఎవరి మాటలో?

ప్రపంచ వైద్య సంఘం 1948లో జెనీవా ప్రకటనను రూపొందించింది. 2017లో దానిని సవరించింది. కువైటులో 1981లో జరిగిన ఇస్లామీయ వైద్య మహాసభ ముస్లిం వైద్యుడి ప్రమాణాన్ని వెలువరించింది. అందులో అల్లాహ్ పేరిట, అన్ని దశలలోనూ మానవ ప్రాణాన్ని కాపాడతాననీ, దగ్గరివాడికీ దూరంవాడికీ, మిత్రుడికీ శత్రువుకీ సమానంగా వైద్యం చేస్తాననీ మాట ఇస్తారు. మన దేశంలో జాతీయ వైద్య కమిషన్ 2022 మార్చిలో చరక శపథాన్ని సిఫారసు చేసింది. ఆ ఏడాదే మధురై వైద్య కళాశాలలో కొత్త విద్యార్థుల చేత ఆ శపథం చేయించినందుకు తమిళనాడు ప్రభుత్వం డీన్‌ను పదవి నుంచి తప్పించింది. కొద్ది రోజులకే తిరిగి నియమించింది. హిప్పోక్రటీసా, చరకుడా అని దేశమంతటా వాదన నడిచింది.

చరిత్ర తెలిసిన పాఠకుడికి ఈ వాదన వింతగా తోస్తుంది. అబ్బాసీల కాలంలోనే చరక సంహిత పారసీ మీదుగా అరబీలోకి వెళ్ళింది. యహ్యా బర్మకీ కోరిక మీద మన్కా అనే భారతీయ వైద్యుడు సుశ్రుతాన్ని అనువదింపజేశాడు. రాజీ తన మహాగ్రంథంలో భారతీయ వైద్యుల మాటలను గ్రీకుల మాటల పక్కనే ఉదాహరించాడు. బాగ్దాదు పుస్తకశాలలో చరకుడూ హిప్పోక్రటీసూ ఒకే అలమరలో ఉన్నారు. మాట ఎవరిదని కాక, మేలు చేస్తుందా అని చూసిన రోజులవి. ప్రమాణం ఎవరి పేరిటన్నది విద్యార్థి మనస్సాక్షికి విడిచి, ప్రమాణంలోని మాటల మీద దృష్టి పెట్టడం ఉత్తమం. హునైన్ కాలపు అరబీ ప్రమాణం చూపించిన దారి అదే.

అసలు చర్చ జరగవలసిన చోటు వేరొకటి ఉంది. ఆ ప్రమాణం ఏ భాషలో చేస్తున్నారు? ఖమ్మంలోనో వరంగల్లులోనో పట్టాల పండుగ జరిగేటప్పుడు వేదిక మీద ఇంగ్లీషు వాక్యాలు ఒకరు చదువుతారు, విద్యార్థులు చెయ్యి చాచి వల్లిస్తారు. కింద కుర్చీలలో తండ్రులు, తల్లులు, తాతలు ఉంటారు. ఇరవై ఏళ్ళు కూలి చేసి, భూమి అమ్మి, అప్పు తెచ్చి చదివించినవారు వారిలో ఉంటారు. తమ బిడ్డ ఏమి మాట ఇస్తున్నదో వారికి అర్థం కాదు. చప్పట్లు కొడతారు, కళ్ళు తుడుచుకుంటారు. రేపు ఆ వైద్యుడి చేతిలో నాడి పెట్టే కోయ మనిషికీ అది తెలియదు. ధర్మశాస్త్రంలో సాక్ష్యానికి ఒక మౌలిక నియమం ఉంది: సాక్షి తాను దేనికి సాక్షిగా ఉన్నాడో ఎరిగి ఉండాలి. అర్థం కాని ప్రమాణానికి ఆ సభలో సాక్షులు ఎవరు?

దీని వల్ల నష్టం ఏమిటని ఎవరైనా అడగవచ్చు. పల్లెల్లో నేటికీ మొదట వెళ్ళేది ఆర్.ఎం.పి. డాక్టరు అని పిలిచేవారి దగ్గరికే. వారిలో సినాన్ ఎదుట నిలిచిన ముసలాయనలాగా తమ హద్దు తెలిసినవారు ఉన్నారు. తెలియక సూది మీద సూది వేసేవారూ ఉన్నారు. తెలంగాణ వైద్య మండలి ఇటీవలి సంవత్సరాలలో దాడులు జరిపి కేసులు పెట్టింది. కానీ రోగి ఆర్.ఎం.పి. దగ్గరికి ఎందుకు వెళుతున్నాడన్నది కూడా ఆలోచించాలి. దగ్గరగా ఉంటాడు, తక్కువ డబ్బు తీసుకుంటాడు, అన్నిటికంటె మించి తన మాటలో మాట్లాడతాడు. పట్టా ఉన్నవాడి హామీ ఇంగ్లీషులో గోడ మీద ఉంటే, పట్టా లేనివాడి ఆదరణ తెలుగులో నోటి మీద ఉంటుంది. రోగి ఏది వింటాడు?

దీనికి పరిష్కారం కష్టమైనదేమీ కాదు. పట్టాల సభలో ప్రమాణాన్ని ఇంగ్లీషుతోపాటు తెలుగులో, ఉర్దూలో కూడా చదివించవచ్చు. భద్రాచలం ఏజెన్సీకి పోయేవారు కోయ భాషలో నాలుగు ముక్కలు నేర్చుకోవచ్చు. అదే ప్రమాణాన్ని పట్టా పక్కనే తెలుగులో రాయించి గోడకు తగిలిస్తే, వచ్చినవాడు చదువుకుంటాడు. చదువురానివాడు పక్కవాడి చేత చదివించుకుంటాడు: ఈ మనిషి నాకు హాని చేయనని మాట ఇచ్చాడు, నా గుట్టు బయట పెట్టనన్నాడు, నేను పేదవాడినని చూపు మార్చనన్నాడు. షైజరీ గ్రంథంలో వైద్యుడు మందు చీటీ నకలు ఇంటివారికి ఇచ్చినట్టే, ప్రమాణం నకలు రోగి కళ్ళ ముందు ఉంటుంది.

హునైన్ ఏడాదిపాటు చెరసాలలో ఉండి నిలుపుకొన్న మాట అది. బాగ్దాదు నుంచి సలెర్నోకు, అక్కడి నుంచి ఎన్నో నగరాలు తిరిగి మూసీ ఒడ్డుకు చేరింది. మూసీ నుంచి వైరా దాకా రావడానికి మిగిలింది ఒక్క అనువాదం. ఆ కాస్త దూరం దాటించడం తెలుగు తెలిసినవారి బాధ్యత.